ఆ ఏడుపు ఎవరిది

అతిథుల గది అని తలుపు మీద రాసి ఉంది గానీ, అతిథుల్ని ఇంత ఇబ్బంది పెట్టే గది ఆ రేడియో స్టేషన్‌లో మరొకటి ఉండి ఉండదు. సోఫాలో ఏ మూల కూర్చున్నా ఒక స్ప్రింగు కింది నుంచి పలకరిస్తుంది. గోడకి బిగించిన పెట్టెలోంచి ప్రసారమవుతున్న కార్యక్రమం వద్దన్నా వినపడుతూనే ఉంటుంది, ధ్వని తగ్గించే మీటని ఎవరో మహానుభావుడు ఎప్పుడో పీకేశాడు. సరిగ్గా ఆ పెట్టె కిందే కూర్చుంది పిట్ట. డబ్బింగ్ థియేటర్లలో అందరూ ఆమెను పిట్ట అనే పిలుస్తారు, యాభై దాటి మోకాళ్ళు పట్టేసినా ఆ పేరు మాత్రం ముదరలేదు. ఇంకో గంటలో ఆమె పక్క గదిలోకి వెళ్ళి, ఎర్రదీపం వెలిగాక, ఇద్దరు విమర్శకుల ఎదురుగా కూర్చుని ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి. నాయిక మీద ఆమె అన్న తీసిన ఆ డాక్యుమెంటరీలో వినిపించే ఏడుపు మీదేనా, కాదా? ఉత్తినే చెబితే చాలదట, అందులోని ముక్క వేసి వినిపిస్తారట, దానితో పాటు ఆమె కూడా అలాగే ఏడ్చి చూపించాలట, వింటున్న జనమే తేల్చుకుంటారట. ఏదో గొంతులు పోల్చే పోటీ అయినట్టు! నాదే అందంటే, పిట్ట గొంతుతో పాతికేళ్ళు తెరను ఏలిన ఆ పెద్ద నాయిక పచ్చి మోసగత్తె కింద మిగిలిపోతుంది. నాది కాదు అనడానికేమో పిట్టకి నోరు రావడం లేదు, ఎందుకంటే ఆ ఏడుపు తనదే. తన గొంతులో పుట్టింది తనకి తెలియదా?

పక్కన చెల్లెలు ఫోనుని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని సమీక్షలు చదువుతోంది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది, అలాగని చదవడం మానుతుందా? పొద్దుటి నుంచి ఇదే వరస. "అక్కా, ఇది విను. ఆ గడ్డపాయన లేడూ, ఇవాళ నీతో కూర్చునేది, ఏం రాశాడో విను. 'కూలిపోయే ముందు వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో చూసుకుని కూలిన మనిషిని ఇప్పుడే చూశాను' అట. అబ్బ, ఏం ఎకసెక్కం! ఇదుగో, ఆ పత్రికావిడ. ఈవిడ ఇంకా నయం, మర్యాదగా తిట్టింది. 'ఇది కూలిపోవడం కాదు, కూలిపోవడానికి చక్కటి రిహార్సల్' అంది. ఇక కుర్రకారు సంగతి చూడు, అద్దం ముందున్న టీ కప్పు కుడి పక్క నుంచి ఎడమ పక్కకి వచ్చేసిందని దాని చుట్టూ గుండ్రంగా గీసి మరీ పెట్టారు. కప్పు జరిపితే మనిషి ఏడవకూడదా ఏమిటి?" పిట్ట ఊఁ కొడుతోంది గానీ చెవిన వేసుకోవడం లేదు. ఎవరు ఎటు నుంచి మొదలుపెట్టినా చివరికి వచ్చి పడేది ఒక్కచోటే అని ఆమెకి తెలుసు. కెమెరా పట్టింది నాయిక సొంత అన్న, ప్రచారం కోసం ఏ గడ్డి అయినా కరిచే రకం, సరే. వెలుతురు మరీ బాగుంది, సరే. కప్పు నడిచింది, అదీ సరే. కానీ అందరూ వేలు పెట్టి చూపించింది ఆ ఏడుపునే. 'వంతెన సినిమాలో చివర ఎలా ఏడ్చిందో ఇక్కడా అచ్చం అలాగే ఏడ్చింది, ఆ మధ్యలో ఊపిరి ఆగడంతో సహా. నిజంగా గుండె పగిలిన మనిషి తన పాత సినిమాలోంచి ఏడుపు తెచ్చుకుని ఏడుస్తుందా?' అని గడ్డపాయన అడిగిన ప్రశ్నని ఊరంతా అడుగుతోంది. అక్కడితో ఆగినా బాగుండేది, ఇంకో ముక్క కూడా జోడించాడు. 'ఆ సినిమాలో ఏడ్చిన గొంతు ఆమెది కాదని అందరికీ తెలుసు. ఆ గొంతు గల మనిషిని ఎవరైనా అడిగారా?' ఇదిగో, అడగడానికే పిలిపించారు.

పిట్ట ఆ డాక్యుమెంటరీ చూసింది. మ్యాట్నీకి చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. హాలు సగం ఖాళీ, వచ్చిన సగం మందీ తప్పులు పట్టడానికే వచ్చినట్టున్నారు, ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటున్నారు. తెర మీద నాయిక ఇల్లు. అద్దం ముందు నిలబడి ఏదో సన్మానంలో చెప్పాల్సిన నాలుగు ముక్కలు సాధన చేస్తోంది. అందరికీ నా ధన్యవాదాలు, అందరికీ నా ధన్యవాదాలు. తన గొంతుతో. ఆ గరగరలాడే గొంతు, నిద్దట్లోంచి అప్పుడే లేచిన మనిషి గొంతు వినగానే హాల్లో కిసుక్కుమన్నారు. అద్దంలో ఉన్న ఆమె కూడా ఆ నవ్వు విన్నట్టే ఆగిపోయి, మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ ఆగి, అలాగే గోడకి జారి చెప్పుల అర పక్కన నేల మీద కూలబడి ఏడ్చింది. అంతే, పిట్ట రెండు చేతులూ వాటంతట అవే చెవుల దగ్గరికి వెళ్ళాయి, లేని హెడ్‌ఫోన్లు సర్దుకోవడానికి. పొడుగ్గా ఒక ఏడుపు. ఊపిరి లోపలికి వెళ్ళింది. సగంలో ఆగింది. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఆగినట్టు ఆగింది, గొంతులో ఎక్కడో అడుగున తలుపు గడియ కదిలినంత చిన్న చప్పుడు, ఆ తర్వాత ఊపిరంతా మెట్లు దిగినట్టు దిగింది. ముందు వరసలోంచి ఎవడో "వంతెన సినిమా!" అని అరిచాడు, హాలంతా గొల్లుమంది. పిట్టకి మాత్రం ఒళ్ళంతా గగుర్పొడిచింది. అదే ఆగడం. వెంట్రుకవాసి తేడా లేదు. నేనెప్పుడు డబ్బింగ్ చెప్పాను దీనికి? ఏ థియేటర్లో? ఎవరు పిలిచారు? ఇంటికి వచ్చి పక్క మీద వాలి, చెప్పి మర్చిపోయానేమో, నాకు అప్పుడే మతి పోతోందేమో అని ఎంత భయపడిందో ఆమెకే తెలుసు. చెప్పలేదు. ఒట్టు, చెప్పలేదు. మరి తన గొంతులో ఉండాల్సింది ఆ మనిషి గొంతులోకి ఎలా వెళ్ళింది? చూస్తే గాలి, పట్టుకుంటే చేతికి దొరకదు, ఒక రొమ్ములోంచి బయల్దేరి టేపు మీదికెక్కి, ఇంకొకరి పెదాల మీద నుంచి లక్షమంది చెవుల్లో పడి, తిరిగి తిరిగి ఎక్కడికి చేరుతుందో! ఇన్నేళ్ళు ఈ పని చేసి కూడా దీని గురించి ఒక్కసారి ఆలోచించలేదే అని, ఆ మ్యాట్నీలో జనం నవ్వుల మధ్య ఆమె నోరు తెరుచుకుని కూర్చుండిపోయింది.

ఆశ్చర్యం కాస్త తగ్గాక కడుపు మండింది, ఉన్న మాట చెప్పుకోవాలి. చెల్లెలు ఆ మంటకి గాలి విసరడంలో ఏ లోటూ చెయ్యలేదు. "ఇన్నాళ్ళూ పెద్ద దండలన్నీ ఆవిడ మెళ్ళో పడ్డాయి. ఏడ్చింది నువ్వు, నవ్వింది నువ్వు, ప్రేమించింది నువ్వు, పెదాలు కదిపింది ఆవిడ. ఇవాళ ఒక్క మాట అను అక్కా. 'నాదే' అను. అబద్ధం చెప్పమన్నానా? నిజమే కదా!" నిజమే. వంతెన సినిమా ఏడుపుతో పిట్టకీ ఎంత పేరొచ్చింది! సన్మానం చేశారు, ఫోటో పత్రికల్లో వేశారు, కూరగాయల దుకాణంలో కూడా జనం ఆపి మరీ ఏడ్చి చూపించమన్నారు. మిగతా జీవితంలో ఆమెది అనేది ఏముంది? చెప్పిన మాటలు రాసినవాళ్ళవి, చూపించిన కోపాలు దర్శకుడివి, ముఖం ఎలాగూ ఆమెది కాదు. ఆ ఊపిరి ఆగడం ఒక్కటి ఎవరూ రాయలేదు, ఎవరూ చెయ్యమనలేదు. అది పిట్టది. అది కూడా లేకపోతే పిట్ట అంటే ఎవరు, ఎవరో కదిపిన పెదాలకి అడ్డంగా పెట్టిన గొట్టం తప్ప? పెట్టెలోంచి ఏదో పాట వస్తోంది, పాట అయ్యాక ఒక కులాసా గొంతు, "మరికాసేపట్లో! ఏడుపు నిజమా, నటనా? మీరే తేల్చండి!" అని ఊరించింది. పిట్ట తల వంచుకుని, గాజుల్ని మోచేతి వైపు తోసుకుంది. మైకు ముందు గాజులు చప్పుడు చెయ్యకూడదని పైకి తోసుకోవడం ఆమెకి ఎప్పటి నుంచో అలవాటు.

ఇన్నేళ్ళలో ఆ నాయిక ఎదురుపడింది రెండేసార్లు. ఇద్దరూ కలిసి ఒక్క మనిషిగా చలామణి అయ్యారు గానీ ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు. వంతెన సినిమా బాగా ఆడిందని విందు ఇచ్చినప్పుడు, అంత జనంలోంచి దారి చేసుకుని ఆమె తనే వచ్చి పిట్ట రెండు చేతులూ పట్టుకుంది. ఏదో చెప్పబోయింది, పెదాలు విడ్డాయి, మూసుకున్నాయి. చేతులు గట్టిగా నొక్కి, నవ్వి, వెళ్ళిపోయింది. ఎంత పొగరు, ఒక్క మాటకి ఏం అరిగిపోతుందట అని పిట్ట ఆ మాట ఇంటికొచ్చి పదిమందికి చెప్పుకుంది. రెండోసారి ఒక భవనం లిఫ్టులో. ఇద్దరే. "ఏ అంతస్తు?" అని నాయిక అడిగింది, ఆ గరగర గొంతుతో, అడిగేసి, దొంగతనం బయటపడ్డ పిల్లలా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అంతస్తు వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. అప్పుడు పిట్టకి నవ్వొచ్చింది. ఇప్పుడు ఈ స్ప్రింగు సోఫాలో కూర్చుంటే ఆ చెయ్యి కళ్ళ ముందు నిలబడిపోయింది. ఎలా మాట్లాడుతుంది తను? మొదటి సినిమా ఆడిన కొత్తలో ఏదో కళాశాల వాళ్ళు పిలిస్తే వెళ్ళి మైకు పట్టుకుందట, నోరు విప్పగానే కుర్రాళ్ళు ఈలలు వేసి "గొంతు మార్చు, గొంతు మార్చు" అని గోల పెట్టారట. ఆ రోజు నుంచీ ఎక్కడికి వెళ్ళినా చెయ్యి ఊపడమే. నలుగురిలో చెయ్యి ఊపి, ఇంటికి వచ్చి ఎవరితో మాట్లాడేదో! జనం అంతగా ప్రేమించిన గొంతు ఎదురుగా నిలబడితే, దాని ముందు తన గొంతు విప్పడానికి ఎంత ధైర్యం కావాలి? పొగరా అది? పిట్టకి తన మీద తనకే చిరాకు పుట్టి సోఫాలో అటు జరిగింది. అక్కడ కూడా స్ప్రింగు ఉంది.

నిన్న మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తితే, "అమ్మా, నేను మేకప్‌దాన్నండి, అమ్మగారి దగ్గర చాలా ఏళ్ళుగా చేస్తున్నాను" అని ఒక నెమ్మదైన గొంతు. "ఆవిడ నోరు విప్పడం లేదమ్మా. అన్నీ సైగలే. ఆ సమీక్షలు వచ్చినప్పుడు కూడా పట్టించుకోలేదు. మొన్న ఎవరో పిల్లలు గేటు దగ్గర నిలబడి ఫోనులో ఆ ఏడుపు పెట్టుకుని, దానికి డాన్సులు కట్టి నవ్వుకున్నారు. కిటికీలోంచి విందమ్మా. అప్పటి నుంచి మాట లేదు. మంచినీళ్ళు కావాలన్నా గ్లాసు చూపిస్తుంది." డాక్టరుకి చూపించారా అంది పిట్ట. "చూపించామమ్మా. గొంతుకి ఏమీ కాలేదన్నారు." "రేపు మీరు వస్తున్నారని ఎవరో చెప్తే, రేడియో తెచ్చి మంచం దగ్గర పెట్టమని సైగ చేసింది. అదే మీకు చెబుదామని." నాకేమైనా చెప్పమందా అని అడిగింది పిట్ట. "ఏమీ అనలేదమ్మా. అనదు కదా." అంతే, పెట్టేసింది. బతిమాలినా బాగుండేది. తిట్టినా బాగుండేది. కాదనడానికి, విసుక్కోవడానికి ఒక పట్టు దొరికేది. మంచం పక్కన ఒక రేడియో, దాని వైపు తిరిగి పడుకున్న మనిషి, ఈ చిత్రం నిన్నటి నుంచి పిట్టని వదలడం లేదు.

ఇదే కాదు, దీని వెనకాలే ఇంకొకటి కూడా వస్తోంది, రావద్దన్నా వస్తోంది, ఆసుపత్రి వరండా. నాన్న పోయిన రోజు. డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు, పిట్ట బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది, అందులో ఆలోచించింది ఏముంది? పొడుగ్గా వచ్చింది, ఊపిరి లోపలికి వెళ్ళింది, సగంలో ఆగింది, గడియ కదిలింది, మెట్లు దిగింది. వరండాలో కూర్చున్న వాళ్ళందరూ తలలు తిప్పారు. జాలితో కాదు, ఎక్కడో విన్నామే అన్నట్టు. ఒకావిడ పక్కావిడతో "అచ్చం సినిమాలో లాగే" అంది. ఒక నర్సు, పాపం చిన్నపిల్ల, ఆపుకోలేక దగ్గరికి వచ్చి, "మేడమ్, మీరు ఆ హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్తారు కదూ?" అని కళ్ళు మెరుస్తుండగా అడిగింది. అదైనా సరే. బయటివాళ్ళు, తెలియనివాళ్ళు. కానీ ఎదురుగా నిలబడిన చెల్లెలు, ఒకే కడుపున పుట్టిన చెల్లెలు, ముక్కూ కళ్ళూ ఎర్రబడి ఏడుస్తున్నదల్లా ఒక్క క్షణం ఏడుపు ఆపి, అక్క వైపు అదోలా చూసింది. నిజంగానే ఏడుస్తున్నావా అన్నట్టు. ఒకే ఒక్క క్షణం. తర్వాత దానికే గుర్తుండి ఉండదు. పిట్ట మిగతా ఏడుపుని అక్కడికక్కడే మింగేసింది. ఆ తర్వాత ఎవరు పోయినా, ఎంత నొప్పి పుట్టినా, డబ్బింగ్ థియేటర్లో తప్ప గొంతెత్తి ఏడవలేదు. నాన్న కోసం ఏడ్చింది నటనా? కాదు. కాదు కాదు. అయితే ఆ ఏడుపే ఎందుకు వచ్చింది? ఎందుకంటే ఆమె దగ్గర ఉన్నది అదొక్కటే. మనిషికి ఎన్ని ఏడుపులుంటాయి, చీరలు మార్చినట్టు మార్చడానికి? ఉన్నదాన్నే బయటికి తీసి ఏడుస్తాడు. ఆ వరండాలో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, 'అది నిజం ఏడుపే' అని ఉంటే తన గొంతు ఇలా గడ్డకట్టేది కాదేమో. రేడియో పెట్టెలో మళ్ళీ ఆ కులాసా గొంతు. మరికాసేపట్లో, మరికాసేపట్లో.

"అక్కా," అంది చెల్లెలు ఫోను ఒళ్ళో పడేసి, "ఆ ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందని ఎలాగూ అడుగుతారు. కుక్కపిల్ల కథ మాత్రం చెప్పకు తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది. నాకు నవ్వు ఆగదు. మనింట్లో కుక్కపిల్ల ఎప్పుడుంది?" పిట్టకి కూడా నవ్వొచ్చింది. ఎన్ని ఇంటర్వ్యూలలో చెప్పింది ఆ కథ! చిన్నప్పుడు వానలో తప్పిపోయిన కుక్కపిల్లని తలుచుకుని ఏడ్చానండీ, అది వెనక్కి తిరిగి చూసినట్టనిపించి ఊపిరి ఆగిందండీ. మొదటిసారి ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పింది, రెండోసారి ఆ కుక్కపిల్లకి రంగు వచ్చింది, మూడోసారి మెడలో గంట వచ్చింది, చెప్పగా చెప్పగా ఆమెకే అది నిజంగా తప్పిపోయినంత బెంగ పట్టుకుంది. పొట్టి తోక కూడా కనిపించేది. కానీ లేని కుక్కపిల్లని తలుచుకుని ఎలా ఏడుస్తారు ఎవరైనా? మరి దేన్ని తలుచుకుంది? అడిగినవాళ్ళకి కాదు, తనకి తాను జవాబు చెప్పుకోవాలంటే, ఆ రోజు ఆ చీకటి థియేటర్లో నిలబడి, దేన్ని?

దేన్నీ తలుచుకోలేదు. అదే చిత్రం. ఆ రోజు ఆకలేస్తోంది, అది గుర్తుంది. మైకు స్టాండు పొడుగైతే కింద చెక్కపెట్టె వేయించుకుని ఎక్కి నిలబడింది. ఎదురుగా తెర మీద వంతెన, దాని మీద నాయిక, మూగగా ఏడుస్తోంది. చెవుల్లో పైలట్. షూటింగు అప్పుడు అక్కడి చప్పుళ్ళన్నిటితో కలిపి ఎక్కించిన ముతక శబ్దాన్ని పైలట్ అంటారు, డబ్బింగ్ చెప్పేవాళ్ళు అది వింటూ పెదాలు చూసుకుంటూ చెప్తారు, పని అయ్యాక దాన్ని చెరిపేస్తారు. బయటి మనిషి ఎవడూ దాన్ని వినడు. ఆ రోజు పైలట్ అంతా గోల. జనరేటరు హోరు, గాలి, ఎవడో దూరంగా తాడు లాగమని అరుపులు. అద్దాల గదిలోంచి సౌండ్ ఇంజనీరు, అందరూ చెవులాయన అనేవారు ఆయన్ని, మైకులో అన్నాడు, "పిట్టా, అందులో ఏమీ వినపడదు గానీ, పెదాలు చూసి నీ ఇష్టం వచ్చినట్టు ఏడ్చెయ్." సరేనంది. ఏడవబోయింది. అంతలో ఆ హోరు అడుగున, గాలికీ గాలికీ మధ్య, ఏదో గరగరమంది. "ఇంకొక్కసారి వెయ్యండి సార్," అంది. వేశారు. జనరేటరు వెనకాల, అరుపుల వెనకాల, ఒక ఊపిరి లోపలికి వెళ్తోంది. వెళ్ళి, సగంలో ఆగింది. గడియ కదిలింది. పిట్ట రొమ్ము దానంతట అదే పైకి లేచింది, అది ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది, అది ఎక్కడ దిగిందో అక్కడే దిగింది. చెవులాయన అద్దాల గదిలోంచి బయటికి వచ్చేశాడు. "ఇదెక్కడ దొరికిందే నీకు?" అన్నాడు. ఆమె నవ్వి, ఏమో సార్, వచ్చేసింది అంది. పైలట్ చెరిపేశారు. ఆకలేసి అన్నం తినడానికి వెళ్ళిపోయింది.

"అమ్మ బాబోయ్!" అంది పిట్ట పైకే.

"ఏమైంది, స్ప్రింగా?" అంది చెల్లెలు.

పిట్ట రెండు అరచేతులూ రొమ్ము మీద పెట్టుకుని కూర్చుంది, లోపల ఎవరున్నారో తడిమి చూసుకుంటున్నట్టు. ఆవిడదా? మొదట్నుంచీ ఆవిడదేనా? నాన్న కోసం ఆసుపత్రి వరండాలో నేను ఏడ్చింది ఆవిడ ఏడుపా? ఆవిడకి తెలియదు, నాకు తెలియదు, ఊరికి అసలే తెలియదు. వంతెన మీద గాలిలో ఆ మనిషి ఎందుకు అంత ఏడ్చిందో, ఆ రోజు ఆమెకి ఏ కష్టం వచ్చిందో, ఏ కష్టమూ లేక అదే ఆమె ఏడ్చే తీరో ఎవరికి తెలుసు? ఆ ఊపిరి జనరేటరు చప్పుడు కింద పడి చచ్చిపోవాల్సింది, చావలేదు, తన రొమ్ములో దూరి దాక్కుంది, తనకి పేరు తెచ్చింది, నాన్న పోయినప్పుడు పిలవకుండా వచ్చి తోడు నిలబడింది. అక్కడ ఆవిడ దగ్గర కూడా అది బతికే ఉంది, ఎవరూ చూడకుండా, ఏళ్ళ తరబడి. చెప్పుల అర పక్కన కూలబడితే అదే వచ్చింది, ఇంకేది వస్తుంది పాపం! జనం దాన్ని గుర్తుపట్టి దొంగ అన్నారు. సొంత ఇంట్లోంచి సొంత వస్తువు తీసుకున్నదాన్ని పట్టుకుని దొంగ అన్నారు! పిట్టకి ఏడుపు రాలేదు, కోపం కూడా పోయింది. ఆ పాత గోడలూ, పీకేసిన మీటా, చెల్లెలి కళ్ళజోడు లేని చిట్లింపు ముఖమూ, అన్నీ అప్పుడే కడిగినంత కొత్తగా కనిపించాయి. ఇంత పెద్ద సంగతి ఒక మనిషి లోపల ఇన్నేళ్ళు ఊరికే కూర్చుని ఉంటుందా, చప్పుడు చెయ్యకుండా? ఇంకా ఎవరెవరున్నారో నాలో అనుకుంటే ఆమెకి తల తిరిగినట్టయింది. నవ్వు ఎవరిదో, దగ్గు ఎవరిదో, కోపం వస్తే చిటపటలాడే ఆ తొందర ఎవరిదో.

తలుపు తెరుచుకుంది. "రండి మేడమ్, టైమైంది," అని కార్యక్రమం నడిపే అమ్మాయి పిలిచింది. చెల్లెలు చెవి దగ్గరికి వంగి, "'నాదే' అనెయ్ అక్కా, ఆలోచించకు," అని గుసగుసలాడింది. పిట్ట దాని బుగ్గ మీద చిన్నగా తట్టి లేచింది. లోపల చల్లగా ఉంది. బల్లకి అటు గడ్డపాయన, టీవీలో కన్నా సన్నగా, మర్యాదగా లేచి నిలబడ్డాడు. పత్రికావిడ కుర్చీ జరిపింది. చెడ్డవాళ్ళేం కాదు, విన్నదాన్ని బట్టి రాశారు, వాళ్ళకి పైలట్ ఎవరు వినిపించారని? ఎర్రదీపం వెలిగింది. మాటలు మొదలయ్యాయి, అన్న కెమెరా గురించి, వెలుతురు గురించి, కప్పు గురించి కూడా. పిట్ట వింటోంది, వినడం లేదు. ఊళ్ళో ఎక్కడో ఒక మంచం, మంచం పక్కన ఒక రేడియో. "ఇప్పుడు ఆ ముక్క వేస్తాం మేడమ్," అంది అమ్మాయి, "మీరు కూడా దానితో పాటే అందుకోండి." పిట్ట హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

నవ్వే జనం లేరు ఇప్పుడు. గదిలో గాలి వినిపించింది, చీర అంచు నేల మీద జారడం వినిపించింది. అందరికీ నా. మళ్ళీ, అందరికీ. పొడుగ్గా ఏడుపు వచ్చింది. ఊపిరి లోపలికి వెళ్తోంది, పిట్ట రొమ్ము పాత అలవాటు ప్రకారం పైకి లేచింది, పెదాలు విడ్డాయి, ఎన్నేళ్ళ అలవాటు, రైలు కదిలినట్టు ఏడుపు లోపలి నుంచి బయల్దేరిపోయింది. ఆమె నోరు మూసుకుంది. పళ్ళు బిగించి, బల్ల అంచు పట్టుకుని, మూసుకుంది. హెడ్‌ఫోన్లలో ఆవిడ ఊపిరి సగంలో ఆగింది, తనంతట తాను ఆగింది. గడియ కదిలింది. మెట్లు దిగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా కిందనుంచి, ఇంకా గరగరగా, వికారంగా, ముక్కు చీదుకుంటూ, అందంగా లేకుండా. ఎంత గొప్పగా ఉంది! ఎక్కడి నుంచి తవ్వుకొస్తోందమ్మా ఇంత దుఃఖాన్ని! పిట్ట కళ్ళు మూసుకుని, ఒక్క ఊపిరి కూడా అడ్డం రానివ్వకుండా, ఆ మనిషిని చివరిదాకా ఏడవనిచ్చింది. ముక్క అయిపోయింది.

"మేడమ్," అంది అమ్మాయి కంగారుగా, "మీరు... మీరు ఏడవలేదు."

"ఆవిడ ఏడుస్తున్నారు కదండీ."

గడ్డపాయన ముందుకు వంగాడు. వెటకారం లేదు అతని గొంతులో, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "అంటే ఈ ఏడుపు మీరు చెప్పింది కాదంటారు. సరే. మరి వంతెన సినిమాలో ఏడుపో?"

"అదీ ఆవిడదేనండీ," అంది పిట్ట. "అప్పుడు మీకు వినపడలేదు. మధ్యలో నేనున్నాను."